పుస్తకం మూశాక ఎంత మిగిలింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ ఫస్టియర్ పిల్లలవే. అందరి గొడవా ఒకటే, అనాటమీ గుర్తుండటం లేదు, ఫిజియాలజీ తలకెక్కడం లేదు. ఈ పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈసారి పేజీ మొత్తం వీళ్లకే ఇచ్చేస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరివీ వెయ్యలేదు.

మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్. ఒక్కో చాప్టర్ నాలుగేసి సార్లు చదువుతాను, ముఖ్యమైన లైన్లన్నీ పసుపు హైలైటర్‌తో గీస్తాను. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఇంటర్నల్స్‌లో పేపర్ చూడగానే బ్లాంక్. రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నా ఇంతే. నాకు జ్ఞాపకశక్తి తక్కువంటారా?
పల్నాడు జిల్లా

నీ జ్ఞాపకశక్తికి ఏ రోగమూ లేదమ్మా. బస్టాండ్‌లో ఒకాయన కనిపిస్తాడు, ముఖం బాగా తెలుసు, నవ్వుతాం కూడా, పేరు మాత్రం ఎంతకీ రాదు. నాలుగోసారి చాప్టర్ చదివేటప్పుడు నీకు జరిగేది అదే, ప్రతి లైనూ తెలిసిన ముఖంలా కనిపిస్తుంది, దాన్నే నువ్వు వచ్చేసిందనుకుంటున్నావు. పరీక్ష అడిగేది ముఖం కాదు, పేరు. అది లోపలి నుంచి బయటికి తీయడం ఇంట్లో ఒక్కసారీ చెయ్యకుండా హాల్లో మొదటిసారి చేద్దామంటే ఎలా వస్తుంది?

దీని మీద 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చి, కొందరిచేత దాన్నే రెండోసారి చదివించారు, మిగతావాళ్ల దగ్గర పాఠం తీసేసుకుని గుర్తున్నది తెల్లకాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండోసారి చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వారం తర్వాత అడిగేసరికి వాళ్లకి 42 శాతం మిగిలింది, చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం. నువ్వు రెండింటి దాకా కూర్చుని చేస్తున్నది ఆ అయిదు నిమిషాల పరీక్షకి పనికొచ్చే చదువు.

రేపట్నుంచి ఇలా చెయ్యి. రెండు పేజీలే చదువు. పుస్తకం మూసెయ్, ఎదురుగా కూడా ఉంచుకోకు. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, గుర్తున్నది బొమ్మ వేసి పేర్లు పెట్టు, బొమ్మ ఎంత అష్టావక్రంగా ఉన్నా పర్వాలేదు. మొదటిరోజు పావు వంతు కూడా రాదు, ఏడుపొస్తుంది, అయినా ఆ పని ఆపొద్దు. తర్వాత పుస్తకం తెరిచి, రానివన్నీ ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాయి. మళ్లీ చదవాల్సింది ఆ ఎర్రవి మాత్రమే. మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ ఒకసారి తలుచుకో, మూడు నాలుగు రోజులకి ఇంకో కాగితం మీద మళ్లీ వెయ్, పై వారం ఇంకోసారి. హైలైటర్ మాత్రం మీ చెల్లికిచ్చెయ్.

మా హాస్టల్ పిల్లలు కొందరు ఓ సంక్రాంతి ముందు వరండాలో ముగ్గుపిండితో గుండె వేశారు. నాలుగు గదులు, మధ్యలో కవాటాలు, పక్కన రెండు ఊపిరితిత్తులు. ఒక్కొక్కరూ రక్తంలా అందులో నడుస్తూ ఎక్కడ అడుగుపెడితే దాని పేరు గట్టిగా చెప్పాలి. కుడి ఏట్రియం, ట్రైకస్పిడ్, కుడి వెంట్రికిల్, పల్మనరీ ఆర్టరీ, ఊపిరితిత్తులు, అక్కణ్నుంచి పల్మనరీ వెయిన్ మీద కాలుపెట్టి ఒకమ్మాయి "ఇక్కడ చెడు రక్తం" అంది. వెయిన్ అంటే చెడు రక్తమే అని బట్టీ పట్టిన ఫలితం. ఊపిరితిత్తుల్లోంచి ఇప్పుడే కదే బయటికొచ్చావు, ఇంకా చెడు రక్తమేంటే అని మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు. వెయిన్ అంటే గుండెకి వచ్చేది, ఆర్టరీ అంటే గుండె నుంచి పోయేది, అంతే, లోపల ఏ రక్తముందన్నది దాన్నిబట్టి తేలదు. ఆ అమ్మాయి జన్మలో మళ్లీ తప్పు చెప్పి ఉండదు. నలభైసార్లు చదివినా ఆ తప్పు బయటపడేది కాదు.

ఇక రాత్రి రెండు సంగతి. పగలు చదివింది కుదురుకునేది నిద్రలోనే. పదకొండింటికి పడుకో.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరాను. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ లాంటి పేర్లు చదవడానికే నోరు తిరగడం లేదు మేడమ్, గుర్తుపెట్టుకోవడం తర్వాత సంగతి. క్లాసులో ఇంగ్లీష్ మీడియం వాళ్లని చూస్తే టెన్షన్‌గా ఉంటోంది.
ఆదిలాబాద్ జిల్లా

ముందు ఒక రహస్యం చెప్తాను బాబూ, అవి ఇంగ్లీషు మాటలు కావు. చాలావరకు లాటిన్, గ్రీకు. నీ పక్కన కూర్చున్న ఇంగ్లీష్ మీడియం పిల్లాడికీ అవి పరాయివే, కాకపోతే వాడు భయపడకుండా తప్పుగా పలుకుతాడు.

నువ్వు రాసిన పేరునే ముక్కలు చెయ్యి. స్టెర్నో అంటే రొమ్ము ఎముక, స్టెర్నం. క్లైడో అంటే క్లావికిల్, రొమ్ము మీది నుంచి భుజం దాకా అడ్డంగా చేతికి తగిలే ఎముక. మాస్టాయిడ్ అంటే చెవి వెనక గట్టిగా తగిలే బుడిపె. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో పేరులోనే రాసి పెట్టారు. ఇప్పుడు అద్దం ముందుకెళ్లి తల కుడివైపు తిప్పు, మెడ మీద ఎడమ పక్కన తాడులా లేస్తుంది చూశావా, అదే అది. ఎడమది పనిచేస్తే ముఖం కుడికి తిరుగుతుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఈ ప్రశ్న అడిగితే, నీ మెడ మీదే చూపించి చెప్పు, ఎగ్జామినర్ ముఖం ఎలా మారుతుందో చూడు.

ఇంకో మాట, ఇది నాకు ఎంతో ఇష్టమైన మాట. తెలుగులో మనం వాడే సంస్కృత పదాలు ఈ లాటిన్, గ్రీకు పదాలకి దూరపు చుట్టాలు. దంతం, లాటిన్లో డెంట్. నాసిక, నాసల్. పాదం, పెడ్. అస్థి, ఆస్టియో. మోకాలి చుట్టూ ఉండే ధమనులని జెనిక్యులర్ ఆర్టరీలంటారు, లాటిన్లో జెను అంటే మోకాలు, సంస్కృతంలో జాను. ఆజానుబాహుడు అని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే, చేతులు మోకాళ్ల దాకా ఉన్నవాడని. యకృత్తు, అంటే కాలేయం, గ్రీకులో హెపార్‌కి అదే మూలం, పైకి అస్సలు పోలికే లేదు కానీ భాషా శాస్త్రవేత్తలు రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయంటారు. మూషికం తెలుసుగా, వినాయకుడి వాహనం. లాటిన్లో ఎలుక మూస్, చిన్న ఎలుక మస్కులుస్, అదే మన మజిల్! దండ కండ బిగించి వదిలితే చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టు ఉంటుందని అలా పెట్టారట. తెలుగు మీడియం వాడికి ఇదంతా నష్టమా, లాభమా?

మిగిలినవాటికి బొమ్మలున్నాయి. కాక్లియా అంటే నత్త, లోపలి చెవిలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది. కాక్సిక్స్ అంటే గ్రీకులో కోకిల జాతి పిట్ట, తోక ఎముక దాని ముక్కులా ఉందని. పటెల్లా చిన్న పళ్లెం. సార్టోరియస్ అంటే దర్జీ కండరం. పాతకాలపు దర్జీలు బాసింపట్టు వేసుకుని కుట్టేవారు కదా, నువ్వూ అలా కూర్చుని చూడు, తుంటి దగ్గర తొడ ముడుచుకుంది, పక్కకి జరిగింది, బయటికి తిరిగింది, మోకాలు మడత పడింది. సార్టోరియస్ చేసే నాలుగు పనులూ అవే, ఇంక బట్టీ పట్టడానికేం మిగల్లేదు.

ఒక నోట్‌బుక్ ఈ ముక్కలకే పెట్టుకో, రోజుకి మూడో నాలుగో చాలు. అన్నిచోట్లా పేరుని నమ్మేయకు సుమా, ఆర్టరీకి మూలమైన గ్రీకు మాటని ఊపిరి గొట్టానికీ వాడేవారు, చచ్చినవాళ్లలో అవి ఖాళీగా కనిపించేసరికి పూర్వం గాలి గొట్టాలనుకున్నారు. ఇక జవాబు మాత్రం ముందు తెలుగులో చెప్పుకో, పేర్లు ఉన్నవున్నట్టు ఉంచి మిగతా వాక్యమంతా తెలుగు. విషయం కుదిరాక ఇంగ్లీషులో రాయడం అంత కష్టం కాదు. ముందే ఇంగ్లీషు వాక్యం బట్టీ పడితే మధ్యలో ఒక మాట జారిందంటే మొత్తం జారుతుంది.

ఎంబీబీఎస్‌లో చేరి రెండు నెలలు. డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతున్నాయి, ఒకరోజు కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. అది అలవాటవుతుందేమో గానీ, బొమ్మలో ఎర్రగా నీలంగా పసుపుగా ఉన్నవి బాడీలో అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏది నరమో ఏది సిరో తెలియడం లేదు.
విజయనగరం

కళ్లు తిరగడానికి సగం కారణం ఖాళీ కడుపు. టిఫిన్ తినకుండా వెళ్లకు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని అసలే వెళ్లకు, మొదట్లో కిటికీ దగ్గర నిలబడు. ఇప్పుడు మొదటి రోజే బాడీ ముందు పిల్లలచేత ప్రమాణం చేయిస్తున్నారు, మా రోజుల్లో అదేం లేదు, మా అటెండర్ ఒకాయన మాత్రం రోజూ తలుపు తీసి దణ్ణం పెట్టుకుని లోపలికెళ్లేవాడు.

రంగులు లేవు కాబట్టి చేతిని నమ్ముకో. ధమని గోడ మందం, వేళ్ల మధ్య నలిపితే రబ్బరు గొట్టంలా తెలుస్తుంది. సిర గోడ పల్చన, నలిగిపోయి పట్టీలా ఉంటుంది, ఒక్కోసారి లోపల నల్లగా గడ్డకట్టిన రక్తం. నరానికి లోపల బోలు లేదు, గట్టి దారంలా ఉంటుంది. అయినా తెలియకపోతే పైకీ కిందికీ వెంబడించు, ఎక్కణ్నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది. బ్రేకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక, అదీ అంతే. హాల్లోకి వెళ్లే ముందు రాత్రి చూడకుండా బొమ్మ వెయ్యి, సి5 నుంచి టి1 దాకా 5 రూట్లు (వేర్లు), 3 ట్రంకులు, 6 డివిజన్లు, 3 కార్డులు, చివర 5 పెద్ద కొమ్మలు. రెండు నిమిషాల్లో వెయ్యగలిగేదాకా రోజూ వెయ్యి. అప్పుడు బాడీలో చూసేది ఏదో ఒక పోగు కాదు, నువ్వు వెతుకుతున్న మీడియన్ నర్వ్.

పుస్తకంలో ఉన్నది బాడీలో కనిపించకపోతే కొన్నిసార్లు నీ తప్పేం ఉండదు. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ ఎక్కువగా కోతుల్నీ ఇతర జంతువుల్నీ కోసి రాశాడు, కింది దవడ రెండు ఎముకలన్నాడు, వందల ఏళ్లు అదే పాఠం. వెసాలియస్ అనే అనాటమీ పండితుడు స్వయంగా మనుషుల శరీరాలు కోసి చూసి 1543లో అచ్చు వేసిన పుస్తకంలో అది ఒకటే ఎముకన్నాడు. అంతెందుకు, బొటనవేలూ చిటికెన వేలూ కలిపి మణికట్టు కొంచెం లోపలికి వంచు, మధ్యలో సన్నని తాడు లేస్తే అది పామారిస్ లాంగస్ అనే కండరం తాడు. కొందరికి ఉండదు, కొందరికి ఒక చేతికే ఉంటుంది. మీ బ్యాచ్ అంతా చేతులు చాపి చూసుకోండి, ఒకరిద్దరైనా దొరుకుతారు.

ఎముకలు చదివేటప్పుడు ఎముక చేతిలో ఉండాలి. నా ఫస్టియర్ వైవాలో ఎగ్జామినర్ క్లావికిల్ చేతికిచ్చారు. దానికి అతుక్కునే కండరాలన్నీ గడగడా అప్పజెప్పాను. ఆయన అంతా విని, "బాగుందమ్మా, ఇంతకీ ఇది కుడిదా ఎడమదా?" అన్నారు. తిప్పి తిప్పి చూశాను, ఏది పైకో ఏది కిందికో తెలిస్తేగా. బల్లపరుపుగా ఉన్న కొస భుజం వైపు, గుండ్రంగా ఉన్న కొస రొమ్ము వైపు, ఆ గుండ్రటి కొస నుంచి మూడింట రెండు వంతుల దాకా ముందుకి ఉబికి ఉంటుంది, గాడి ఉన్న వైపు కింద. ఇది పుస్తకంలో మొదటి పేరాలోనే ఉంది, నేను దాన్ని సులభంగా ఉందని వదిలేశాను.

అనాటమీ ఎలాగో నెట్టుకొస్తున్నాను, ఫిజియాలజీలో మాత్రం అన్నీ అంకెలు, బాణాలు, ఫీడ్‌బ్యాక్ లూపులు. వాటిని బట్టీ పట్టే సులువైన పద్ధతి ఏదైనా ఉందా?
ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) విద్యార్థి, ఖమ్మం

లేదు, ఉన్నా చెప్పను! అనాటమీలో అడిగేది ఎక్కడుంది, దేని పక్కనుంది అని. ఫిజియాలజీలో అడిగేది తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకు అని. అది కథ, కథని బట్టీ పడతామా?

రెంటచింతల ఎండలో మధ్యాహ్నం ఒకతను పొలంలో పనిచేస్తున్నాడనుకో, నీళ్లు తాగలేదు. చెమటలో ఉప్పు కంటే నీరే ఎక్కువ పోతుంది, రక్తం చిక్కబడుతుంది. మెదడులో హైపోథాలమస్ ఆ చిక్కదనాన్ని పసిగడుతుంది, దాహం వేయిస్తుంది, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి ఏడీహెచ్ అనే హార్మోను వదిలిస్తుంది. అది కిడ్నీలో కలెక్టింగ్ డక్టుల, అంటే మూత్రం చేరే సన్నని గొట్టాల గోడల్లో నీటి ద్వారాలు తెరుస్తుంది, నీరు వెనక్కి రక్తంలోకి. అందుకే మూత్రం కొంచెంగా, ముదురు పసుపుగా వస్తుంది. నీళ్లు తాగాడు, రక్తం పల్చబడింది, ఏడీహెచ్ తగ్గింది, మూత్రం మళ్లీ తేటపడింది. ఆ చివరి అడుగు మొదటిదాన్ని ఆపింది కదా, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే అదే. ఇప్పుడు మధ్యలో ఒక మెట్టు పడగొట్టి చూడు. ఏడీహెచ్ అసలు రాకపోతే? నీరు వెనక్కి పోదు, లీటర్లకి లీటర్లు నీళ్లలాంటి మూత్రం, ఆగని దాహం. డయాబెటిస్ ఇన్సిపిడస్ అనే జబ్బుని చదవకుండానే నువ్వే కనిపెట్టేశావు. ఏ లూప్ అయినా ఇలా రెండుసార్లు, ఒకసారి సవ్యంగా, ఒకసారి ఒక మెట్టు తీసేసి, మీ రూమ్మేట్‌కి చెప్పు. "అందుకని" అనాల్సిన చోట నువ్వు "తర్వాత" అన్నావంటే అక్కడ నీకు అర్థం కాలేదన్నమాట.

అంకెల్ని కూడా ఊరికే వదలకు, వాటితో లెక్క చెయ్యి. కిడ్నీలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడగడతాయి. రోజుకి 1440 నిమిషాలు, అంటే 180 లీటర్లు. ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది! బయటికొచ్చే మూత్రం లీటరు, లీటరున్నర. మిగతాదంతా వెనక్కి పీల్చుకున్నదే. ఈ లెక్క ఒక్కసారి చేస్తే కిడ్నీ చాప్టర్లో అంత భాగం పీల్చుకోవడం గురించే ఎందుకుందో తెలుస్తుంది. గుండె ఒక్క కొట్టుకి దాదాపు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు, అయిదు లీటర్ల పైచిలుకు. ఒంట్లో ఉన్న రక్తమే ఇంచుమించు అంత. 1628లో విలియం హార్వే అనే ఇంగ్లీషు వైద్యుడు వాదించింది ఇలాంటి లెక్కతోనే, గుండె ఇంత తోస్తుంటే అంత రక్తం ఎప్పటికప్పుడు తిన్న తిండి నుంచి కొత్తగా ఎలా పుడుతుంది, ఉన్నదే తిరుగుతూ ఉండాలి అని.

అనాటమీలో సప్లీ పడింది. ఆరు వారాల టైముంది. ఇంట్లో తల ఎత్తుకోలేకపోతున్నాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?
పేరు, ఊరు వద్దు

మొదటి నుంచి మాత్రం వద్దు. ప్రతిసారీ అందరూ అప్పర్ లింబ్ నుంచే మొదలుపెడతారు, అందుకే భుజం, చెయ్యి అందరికీ వచ్చు, పెల్విస్, తల, మెడ ఎవరికీ రావు, అక్కడికి చేరేలోపు పరీక్ష వచ్చేస్తుంది. నువ్వు వెనక నుంచి రా. పాత ప్రశ్నపత్రాలు అయిదారు తెచ్చి, ఒక్కో ప్రశ్నకి చూడకుండా బొమ్మ వెయ్యి, వచ్చినవాటిని పక్కన పెట్టెయ్, రానివే నీ సిలబస్. వారానికోసారి సీనియర్‌ని కూర్చోబెట్టి నోటితో వైవా చెప్పు, మొహమాటపడకు.

ఇంట్లో వాళ్లు ఏమైనా అంటే ఇది చెప్పు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ గురించి ఫిజియాలజీలో చదువుతారే, 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని బయటపెట్టింది ఆయనే.

మా అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. త్రీడీ యాప్, ప్లాస్టిక్ అస్థిపంజరం కావాలంటోంది, రెండూ కలిపి చాలా ఖర్చవుతోంది. కొనమంటారా?
ఒక తండ్రి, కడప

అప్పుడే కొనకండి సార్. ఫైనలియర్ వాళ్ల దగ్గర పాత బోన్ సెట్ సగం ధరకి దొరుకుతుందేమో అడిగి చూడమనండి, లేదంటే కాలేజీ మ్యూజియంలో కూర్చోమనండి. యాప్ తిప్పి చూడటానికి బాగానే ఉంటుంది, కానీ చూడటమే చదువనిపించే ప్రమాదం అక్కడా ఉంది, చూసిన వెంటనే ఫోన్ బోర్లా పెట్టి కాగితం మీద వెయ్యమనండి. మీ ఒళ్లు కూడా అమ్మాయికి ఇవ్వొచ్చు. మోచేతి లోపలివైపు ఎముక వెనక నొక్కితే చిటికెన వేలి దాకా జిల్లుమంటుంది, అల్నార్ నర్వ్ అది, నాన్న చేతి మీద వెతికిన నరం ఎవరు మర్చిపోతారు?

మేడమ్, మణికట్టులో ఎనిమిది ఎముకల వరుస ఎప్పుడూ తారుమారవుతోంది. తెలుగులో ఏదైనా నిమోనిక్ చెప్పండి.
తెనాలి

సరే, మా పిల్లల కోసం కట్టింది ఒకటుంది. "స్కూలుకి లూనా మీద ట్రిపుల్స్ వెళ్లిన పిల్లలు ట్రాఫిక్‌లో ట్రాక్టర్ చూసి క్యాప్, హ్యాండిల్ రెండూ వదిలేశారు." స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్, ఇది పై వరుస, బొటనవేలి వైపు నుంచి. ట్రపీజియం, ట్రపిజాయిడ్, క్యాపిటేట్, హ్యామేట్, ఇది కింది వరుస, మళ్లీ బొటనవేలి వైపు నుంచే. రెండు ట్రాల్లో తికమక పడకు, బొటనవేలికి ఆనుకునేది ట్రపీజియం.

వరుస గుర్తుపెట్టుకోవడానికే ఇది పనికొస్తుంది, ఎముక ఎక్కడుందో ఇది చెప్పదు. అందుకని పెన్నుతో నీ మణికట్టు మీదే వేసుకో. బొటనవేలు బాగా చాపితే దాని మొదట్లో రెండు తాళ్ల మధ్య చిన్న గుంట పడుతుంది, తాతయ్యలు నస్యం పోసుకుని పీల్చేది అక్కడే, అనాటమీలో కూడా దాని పేరు ముక్కుపొడి డబ్బా అనే. ఆ గుంట అడుగున తగిలేది స్కాఫాయిడ్, పక్కనే రేడియల్ ఆర్టరీ కొట్టుకుంటుంది. అరచెయ్యి ఆన్చి కిందపడ్డవాళ్లు అక్కడ నొక్కితే కెవ్వుమన్నారంటే, స్కాఫాయిడ్ విరిగిందేమోనని డాక్టరు ఎక్స్‌రే రాస్తాడు. లూనేట్ నెలవంక ఆకారం, లూనా అంటే లాటిన్లో చందమామ. లూనా బండి ఎప్పుడూ చూడకపోతే అదే తాతయ్యని అడుగు.